కనిపించని మెట్టు

కంటాసుపత్రి గుమ్మం దాటుతూ డిటెక్టివ్ తూలిపడబోయాడు. పక్కనున్న బల్ల పట్టుకుని నిలదొక్కుకుని, ఇంత ఎత్తున గడప కట్టినవాణ్ణి మనసులోనే నాలుగు మాటలు అనేసి, వాచీ చూసుకున్నాడు. రెండూ పది.

పోలీసు శాఖలో పాతికేళ్ళు పనిచేసి బయటికొచ్చిన మనిషి. ఎవరిని ఏది అడిగినా ముందు "అప్పుడు టైమెంత?" అని మొదలుపెట్టే అలవాటు వల్ల శాఖంతా కలిసి ఆయనకి గడియారం అని పేరు పెట్టింది. ఆ పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే, సొంత పేరుతో పిలిస్తే ఆయన వెనక్కి తిరిగి చూడడం కూడా మానేశాడు.

వరండాలో బెంచీ మీద టైలరు కూతురు కూర్చుని ఉంది. ఆమె తండ్రి గడియారానికి ఇరవై ఏళ్ళ పాటు యూనిఫాం కుట్టినవాడు. ఆ చనువుతో ఆమె చిన్నప్పటి నుంచీ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది, పొద్దున ఆయనకి కబురు పెట్టిందీ ఆ చనువుతోనే. రాత్రంతా నిద్ర లేనట్టు ఆమె మొహం పీక్కుపోయి ఉంది.

"నిన్న రాత్రి చుక్కలు వెయ్యలేదు బాబాయ్. ఇవాళ పొద్దున కూడా వెయ్యలేదు. సీసాలు రెండూ, పాతదీ నిన్న కొత్తగా ఇచ్చిందీ, ఇన్స్పెక్టరు గారు పట్టుకెళ్ళారు. అవి కూడా సాక్ష్యమేనట."

"ఆపరేషన్ ఎప్పుడన్నారు?"

"ఎల్లుండి. అప్పటిదాకా ఒక్క పూట కూడా చుక్కలు మానొద్దని నిన్న పెద్ద డాక్టరు గారే చెప్పారు. నాన్నకి ఎడమ కన్ను ఎలాగూ పోయింది. కుడి కంట్లో మిగిలింది సూది బెజ్జమంత. లాకప్పులో అది కూడా పోతే, రేపు నిర్దోషి అని వదిలేసినా ఇంటికి ఎలా నడిచొస్తాడు?"

 గడియారం ఆ పిల్ల భుజం తట్టి, మేడ మెట్లెక్కాడు. గోడ పట్టుకునే ఎక్కాడు. ఈ మధ్య అలా ఎక్కడం అలవాటైపోయింది. యాభై ఆరేళ్ళకి ఆ మాత్రం ఉంటుందిలే అని సర్దుకున్నాడు.

జరిగింది ఇది. నిన్న మధ్యాహ్నం ఈ ఆసుపత్రి యజమాని, అందరూ పెద్ద డాక్టరు అనే ముసలాయన, వెనక మెట్ల మీంచి పడి చనిపోయాడు. ఆ మెట్ల కింద అయిదడుగుల దూరంలో బెంచీ మీద టైలరు కూర్చుని ఉన్నాడు. అంతకు అరగంట ముందే, మూడూ అయిదుకి, "రెండేళ్ళుగా బాగుందని చెప్పి నా కళ్ళు పోగొట్టారు" అని అతను డాక్టరు గదిలో అరిచిన సంగతి ఆసుపత్రంతా విన్నది. ఇన్స్పెక్టరుకి అంతకన్నా ఏం కావాలి? సాయంత్రం అయిదుకల్లా కేసు కట్టేసి టీ తాగాడు.

టైలరు చెప్పింది మాత్రం ఒక్క ముక్క. "నేను కిందకొచ్చి మా అమ్మాయి కోసం కూర్చున్నా. ఏదో దబ్బున పడ్డ చప్పుడు. ఆ వెంటనే ఎవరో పైకి పరిగెత్తిన అడుగులు. నేనేం చూడలా. నాకేం కనపడుద్ది?"

పడిన సమయం గురించి ఎవరికీ అనుమానం లేదు. ముందు గదిలో పేర్లు రాసుకునే అమ్మాయి అప్పుడే ఒక రోగి పేరు పక్కన టైము వేస్తూ ఆ చప్పుడు విని ఉలిక్కిపడింది. అంకె మీద సిరా గీత సాగిపోయింది. మూడూ ముప్పై మూడు. ఆ నిమిషంలో చిన్న డాక్టరమ్మ, అంటే పెద్ద డాక్టరు కోడలు, నర్సుతో కలిసి ఆపరేషన్ గదిలో ఉంది. వెనక మెట్ల వైపు ఉన్నది ఇద్దరే. కంటిచూపు ఎంత మేర ఉందో కొలిచే చీకటి గదిలో టెక్నీషియను, పరీక్ష చేయించుకుంటున్న ఒక టీచరమ్మ.

టెక్నీషియనుకి ముప్పై అయిదేళ్ళుంటాయి. బక్కపలచని మనిషి. మాటకి ముందొక సార్, వెనకొక సార్.

"సార్, నేను నిన్ననే అంతా చెప్పాను సార్. మూడూ పద్దెనిమిదికి టీచరమ్మ గారికి కుడి కన్ను మొదలుపెట్టాను. ఏడు నిమిషాలు. మూడూ ఇరవై ఎనిమిదికి ఎడమ కన్ను. అది మూడూ ముప్పై ఆరు దాకా నడిచింది. మెషిన్‌లో టైములు పడతాయి సార్, చూసుకోండి."

"చూస్తా. ముందు వెనక మెట్లు చూపించు."

తలుపు తీశాడు. పద్నాలుగు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు, బల్బు మాడిపోయి ఉంది. పైన చిన్న కిటికీలోంచి వచ్చే వెలుతురే దిక్కు. మెట్ల మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. గడియారం వంగి ప్రతి మెట్టూ పరీక్షగా చూసి, రెండూ ఇరవై రెండు అని నోటు పుస్తకంలో రాసుకున్నాడు.

"సరిగ్గా మూడూ ముప్పై మూడుకి మళ్ళీ ఇక్కడికొస్తా. ఆ టైముకి వెలుతురు ఎంతుంటుందో చూడాలి. నువ్వు కూడా ఉండు."

"తప్పకుండా సార్."

"ఈలోగా నాకా పరీక్ష చెయ్యి. టీచరమ్మకి చేసినట్టే, రెండు కళ్ళకీ."

"మీకెందుకు సార్?"

"ఆవిడ ఏం విన్నదో, ఏం చూసిందో తెలియాలంటే నేనూ ఆ కుర్చీలో కూర్చోవాలిగా."

టెక్నీషియను ఒక్క క్షణం నీళ్ళు నమిలి, సరేనన్నాడు. మెషిన్‌లో పేరు రాయాలంటే గడియారం అని రాయమన్నాడు. అతను నవ్వకుండానే రాశాడు.

పరీక్ష గది కిటికీలకి నల్లటి పరదాలు. మధ్యలో తెల్లటి పెద్ద గిన్నెని పక్కకి పడుకోబెట్టినట్టున్న మెషిను. ఒక కంటికి గంత కట్టి, గడ్డం ఒక దిమ్మె మీద ఆనించి, చేతికి బొత్తాం ఇచ్చాడు.

"మధ్యలో పచ్చ దీపం ఉంది సార్. చూపు దాని మీంచి తియ్యొద్దు. చుట్టూ ఎక్కడైనా చిన్న వెలుగు చుక్క కనబడితే నొక్కండి. కనబడకపోతే నొక్కొద్దు."

దీపాలు మొదలయ్యాయి. పైన ఒకటి, ఆ మూల ఒకటి. గడియారం పరీక్షల్లో మొదటి మార్కు తెచ్చుకునే పిల్లాడిలా టకటకా నొక్కాడు. మధ్యమధ్యలో చాలాసేపు ఏ దీపమూ రాలేదు. మెషిను కూడా కాస్త ఊపిరి తీసుకుంటోంది కాబోలు అనుకున్నాడు. "రెప్ప వెయ్యొచ్చు సార్, తల కదపకండి" అని పక్కనుంచి టెక్నీషియను గొంతు వినబడుతూనే ఉంది. రెండో కంటికి వచ్చేసరికి మెడ పట్టేసింది. బొత్తాం నొక్కి అలాగే పట్టుకున్నాడు. దీపాలు ఆగిపోయాయి.

"అలా పట్టుకుంటే ఆగుతుంది సార్. వదిలితే మళ్ళీ నడుస్తుంది."

వదిలాడు. నడిచింది. రెండూ నలభైకి గిన్నెలోంచి తల బయటికి తీసి చూస్తే, గోడవార స్టూలు మీద ఇన్స్పెక్టరు కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు గడియారం దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు ఆయన కనబడితే చాలు, గురువుగారూ అని వెటకారంగా పిలుస్తాడు.

"ఎంతసేపైంది వచ్చి?"

"అయిదారు నిమిషాలైంది గురువుగారూ. తలుపు తీశా, వేశా, స్టూలు లాక్కున్నా. మీరు ఆటలో మునిగిపోయారు."

గడియారం ఆ మాటని పుస్తకంలో రాసుకున్నాడు. ఇన్స్పెక్టరుకి ఎందుకో అర్థం కాలేదు. టెక్నీషియనుకి అర్థమైంది. అతని చెయ్యి మెషిను తెర మీద ఆగిపోయింది.

"నా కళ్ళెలా ఉన్నాయి?" అన్నాడు గడియారం.

"నార్మల్ సార్. కుర్రాళ్ళ కళ్ళు. ప్రింటరు మొరాయిస్తోంది, కాగితం తరవాత ఇస్తాను." అనేసి అతను గబగబా బయటికి వెళ్ళిపోయాడు.

ఇన్స్పెక్టరు లేచి చొక్కా సర్దుకున్నాడు. "కేసు అయిపోయింది. ఇంకా ఇక్కడేం వెతుకుతున్నారు? మా అమ్మని కూడా ఇక్కడికే తీసుకొస్తా నేను. రెండేళ్ళుగా ప్రతిసారీ నార్మలే. మంచి ఆసుపత్రి. ఆ టైలరు ముసలాడే అనవసరంగా డాక్టరు మీద పడ్డాడు."

"ఆ ముసలాడి చుక్కల మందు ఇప్పించు."

"కుదరదు. అందులో ఏముందో తేలాలి."

"అందులో మందుంది. అది తేల్చడానికి నీకు వారం పడుద్ది. ఆయనకి అంత టైం లేదు."

"హంతకుడికి కంటి సేవలు కూడా నేనే చెయ్యాలా?"

"హంతకుడో కాదో ఇంకా తేలలేదు. గుడ్డివాడు కాబోతున్నాడని మాత్రం తేలింది. డాక్టరు జేబులో ఏం దొరికాయి?"

వాదన పెంచడం ఇష్టం లేక ఇన్స్పెక్టరు ప్లాస్టిక్ కవరు తీసి చూపించాడు. కళ్ళజోడు, పెన్ను, చిన్న చీటీ. చీటీ మీద పదకొండు అంకెలు ఒకదాని కింద ఒకటి.

"ఇవేంటి?"

"ఏవో పిచ్చి లెక్కలు. ముసలాయన చాదస్తం."

గడియారం ఆ పదకొండూ పుస్తకంలోకి ఎక్కించుకున్నాడు. తన కింద పనిచేసినన్నాళ్ళూ వీడికి తొందరపడొద్దని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది, ఫలితం ఇదీ అనుకున్నాడు. అతని మీద కోపం కన్నా తన చదువు చెప్పడం మీదే ఆయనకి ఎక్కువ సిగ్గేసింది.

గడియారం కబురు పెడితే వచ్చిన టీచరమ్మ ముందు గదిలో ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుని ఉంది. డెబ్బై ఏళ్ళావిడ. రిటైరై పుష్కరం దాటినా ఎదుటివాళ్ళ నుంచి జవాబు రాబట్టే చూపు మాత్రం పోలేదు. ఆవిడ దగ్గరికి వెళ్ళేటప్పుడు గడియారం కాలు తగిలి, కింద పెట్టిన టీ గ్లాసు దొర్లిపోయింది.

"కింద చూసుకుని నడవాలి నాయనా."

"గ్లాసు కింద పెట్టకూడదండీ," అన్నాడు ఆయన పౌరుషంగా. "పరీక్ష జరుగుతున్నంతసేపూ టెక్నీషియను గదిలోనే ఉన్నాడని చెప్పారు మీరు. చూశారా?"

"తల ఆ గిన్నెలో ఉంటే ఎలా చూస్తాను? ఉంటాడుగా, ఎక్కడికి పోతాడు?"

"ఆయన మాట్లాడుతూ ఉన్నాడా?"

"మొదటి కంటికి ఒకటే సణుగుడు. కదలకండి, రెప్ప వెయ్యండి అని. నేను నలభై ఏళ్ళు పిల్లల్ని కదలకండి అన్నదాన్ని, నాకు చెబుతున్నాడు."

"రెండో కంటికి?"

 టీచరమ్మ సంచీ పిడిని రెండుసార్లు తిప్పింది. "రెండో కంటికి ఏం మాట్లాడలేదు. మధ్యలో నాకు నడుం నొప్పేసి బొత్తాం పట్టుకుని ఆపాను. ఇంకా ఎంతసేపు బాబూ అని అడిగాను కూడా. పలకలేదు. మొదటి కంటప్పుడు విసుక్కున్నానని కోపమొచ్చిందేమో అనుకున్నా."

"ఎన్నిసార్లు అడిగారు?"

"రెండుసార్లు. ఆ తరవాతే ఎక్కడో దబ్బున పడ్డ చప్పుడైంది." ఆవిడ గొంతు తగ్గింది. "నేను అబద్ధం చెప్పలేదు నాయనా. ఉన్నాడనే అనుకున్నాను."

"మీరు అబద్ధం చెప్పలేదండీ. ఆ కుర్చీలో కూర్చుంటే ఏనుగు వచ్చి వెళ్ళినా తెలియదు. నాకు ఇన్స్పెక్టరు వచ్చినా తెలియలేదు."

మూడు గంటలకి గడియారం చిన్న డాక్టరమ్మ గదిలో ఉన్నాడు. ఆమె కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉన్నాయి. అయినా చీటీలోని అంకెలు చూడగానే నిటారుగా కూర్చుంది.

"ఇవి మా ఫైళ్ళ నంబర్లు. మామయ్య రాత."

బీరువాలోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చింది. మూడోది టైలరుది.

"టైలరు గారి జబ్బేంటో నాకు అర్థమయ్యేలా చెప్పమ్మా."

"నీటికాసులు. మేం గ్లాకోమా అంటాం. కంటి లోపల ఎప్పుడూ కాస్త నీరు ఊరుతుంటుంది, సన్నటి కాలవలోంచి బయటికి పోతుంటుంది. ఆ దారి సరిగ్గా పనిచెయ్యకపోతే లోపల ఒత్తిడి పెరిగి, వెనకున్న నరం కొంచెం కొంచెంగా చచ్చిపోతుంది. నొప్పి ఉండదు. ఎదురుగా అంతా బాగానే కనబడుతుంది, అక్షరాలు కూడా చదువుతారు. చుట్టూ ఉన్న చూపు పోతుంటుంది. పోతున్నట్టు మనిషికి తెలీదు, ఎందుకంటే పోయిన చోట నల్లగా ఏమీ కనబడదు. అసలక్కడ ఏదో ఉండాలన్న సంగతే మనసుకి తోచదు."

"మందు?"

"ముందు చుక్కలు, రోజూ, జీవితాంతం. కొందరికి లేజరు. వాటికి లొంగకపోతే ఆపరేషన్ చేసి నీరు పోవడానికి కొత్త దారి తీస్తాం. కానీ ఏం చేసినా పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టడానికే ఇదంతా. అందుకే ఆ పరీక్ష అంత ముఖ్యం. చూపు ఎంత మిగిలిందో చెప్పేది అదే."

ఆమె టైలరు ఫైలు తెరిచింది. "ఇదిగో, రెండేళ్ళలో నాలుగు పరీక్షలు. నాలుగూ బాగున్నాయి. ఒత్తిడి కాస్త ఎక్కువే ఉన్నా, ఫీల్డ్, అంటే చుట్టూ చూపు మేర, బాగుందని మామయ్య ఒక్క రకం చుక్కలతో సరిపెట్టారు. నిన్న టైలరు గారు తలుపుకి గుద్దుకున్నారని విని, మామయ్య పక్కన వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగారట. టైలరు గారు, వేళ్ళు ఎక్కడున్నాయి అని అడిగారట."

"అంటే ఈ నాలుగు పరీక్షలూ?"

"అబద్ధం. కానీ ఎలా? మెషిన్‌ని మోసం చెయ్యలేం. ఎవరో ఒకరు చూసి నొక్కితేనే ఇలా వస్తుంది." ఆమె కాగితం మీద వేలు పెట్టి ఆగింది. "కుడి కంట్లో ఇక్కడొక చిన్న నల్ల మచ్చ ఉంది. గ్లాకోమా మచ్చ ఇలా ఉండదు."

గడియారం పక్క ఫైలు తెరిచాడు. తరవాత ఇంకొకటి. పదకొండు ఫైళ్ళలోని కుడి కంటి కాగితాల్ని పక్కపక్కనే పరిచారు. పదకొండు మంది, ఆడా మగా, యాభై ఏళ్ళవాళ్ళూ ఎనభై ఏళ్ళవాళ్ళూ. మచ్చ మాత్రం అదే చోట, అదే ఆకారంలో ఉంది. గిరిగీసినట్టు ఒక్క గడి కూడా జరగలేదు.

"ఇవన్నీ ఒక్క కన్నే చూసింది," అన్నాడాయన నెమ్మదిగా.

చిన్న డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "చిన్నప్పుడు బంతి తగిలి కుడి కంటి లోపల మచ్చ పడిందని, అయినా పనికి అడ్డం కాదని ఉద్యోగంలో చేరేటప్పుడు చెప్పాడు. నేనే లెన్సు పెట్టి చూశాను. ఈ గదిలో, ఈ కుర్చీలోనే. మా టెక్నీషియను."

అప్పుడు మూడూ ఇరవై. తలుపు దగ్గర నిలబడి అంతా విన్న ఇన్స్పెక్టరు పెదవి విరిచాడు. "మచ్చలు చూసి మనుషుల్ని పట్టుకుంటారా గురువుగారూ? అవి మెషిను లోపం కావచ్చు. ఇలాంటివి కోర్టులో..."

వాక్యం పూర్తి కాలేదు. అతని చూపు బల్ల చివర ఉన్న ఫైలు మీద పడింది. దగ్గరికొచ్చి అట్ట మీద పేరు చదివాడు. లోపలి కాగితం తీశాడు. మచ్చని వేలితో తడిమాడు. మళ్ళీ అట్ట తిప్పి పేరు చదివాడు.

"మా అమ్మది," అన్నాడు చివరికి. "ఈ మధ్య కంచం పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు పడేస్తోంది. రోజూ విసుక్కుంటున్నా నేను."

గడియారానికి గెలిచినట్టు అనిపించలేదు. ముందు గదిలో దొర్లిన టీ గ్లాసు గుర్తొచ్చింది. ఎందుకు గుర్తొచ్చిందో తెలీక చికాకు పడ్డాడు.

"టీచరమ్మ పరీక్ష టైములు ఒకసారి చూపించమ్మా."

చిన్న డాక్టరమ్మ బల్ల మీది కంప్యూటరు తిప్పింది. పక్క గదిలో చేసిన ప్రతి పరీక్షా దానంతటదే ఇక్కడికి వచ్చి చేరుతుంది. జాబితాలో అన్నిటికన్నా పైన ఇవాళ్టి తేదీతో ఒకటుంది. పేరు, గడియారం. ఆమె అలవాటుగా దాన్ని తెరిచింది. తెరిచి, తెర వంక చూసి, ఆయన వంక చూసింది.

"ఇది ఎవరు చేశారు మీకు?"

"మీవాడే. నార్మల్ అన్నాడు. కుర్రాళ్ళ కళ్ళట."

"మీరు ఈ మధ్య మెట్ల దగ్గర తడబడుతున్నారా? కిందున్న వస్తువులు తన్నేస్తున్నారా?"

 ఆమె తెర ఆయన వైపు తిప్పింది. రెండు కళ్ళ పటాలు. పైన తెల్లగా ఉంది. కింద, అడ్డంగా గీత గీసినట్టు, రెండింటిలోనూ నల్లగా ఉంది.

"ఎదురుగా చూస్తున్నప్పుడు మీకు కింది భాగం కనబడటం లేదు. మీ ఇంట్లో ఎవరికైనా చూపు పోయిందా?"

"మా నాన్నకి. ముసలితనం అన్నారు." మధ్యమధ్యలో ఆగిపోయిందనుకున్న మెషిను ఆగలేదన్నమాట. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, తనే చూడలేదు. గుమ్మం ఎత్తు ఎక్కువ కాదు. గ్లాసు కింద పెట్టడం టీచరమ్మ తప్పూ కాదు. ఇంతకాలం ప్రపంచాన్ని తిట్టినవన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చి ఎదుట నిలబడ్డాయి. ఆయనకి భయమేసింది.

"సార్," అని వినయంగా పిలుపు వినబడింది. నడవలోంచి టెక్నీషియను తొంగి చూశాడు. బల్ల మీద పరిచిన కాగితాలు అతనికి కనబడకుండా ఇన్స్పెక్టరు అడ్డుగా నిలబడి ఉన్నాడు. "మూడూ ముప్పై రెండైంది. మెట్లు చూస్తానన్నారు కదా."

గడియారం లేచాడు. ఇన్స్పెక్టరు చెవి దగ్గర ఒక్క మాట అన్నాడు. "నాలుగడుగుల వెనక ఉండు."

టెక్నీషియను వెనక తలుపు బార్లా తెరిచి పక్కకి తప్పుకున్నాడు. "ముందు మీరు దిగండి సార్. నేను వెనకే వస్తాను."

కిటికీ వెలుతురు ఎదుటి గోడ మీద పడుతోంది. ఆయన తలెత్తి చూస్తే మెట్ల దారి శుభ్రంగా, ఖాళీగా కనబడింది. రెండూ ఇరవై రెండుకి చూసినట్టే ఉంది. కాలు ఎత్తాడు. ఎత్తిన కాలు మళ్ళీ గడప లోపలే పెట్టి, జీవితంలో మొదటిసారి గడ్డం గుండెకి ఆనేలా తల వంచి కిందికి చూశాడు.

రెండో మెట్టు మీద నీళ్ళ బకెట్టు ఉంది. దాని మీదుగా గది తుడిచే కర్ర అడ్డంగా ఉంది.

"ఈ బకెట్టు ఎవరు పెట్టారు?"

"తుడిచే ఆమె పెట్టుంటుంది సార్."

"మెట్ల మీదికి ఎవర్నీ రానివ్వొద్దని నిన్న సాయంత్రమే చెప్పా," అంది వెనక నుంచి ఇన్స్పెక్టరు గొంతు. "తుడిచే ఆమె ఇవాళ రాలేదు."

గడియారం వెనక్కి తిరిగాడు. గొంతు పెంచలేదు. "చూపున్న వాడెవడైనా దీన్ని చూసి, పక్కకి జరిపి, దిగి వెళ్ళిపోతాడు. కింద చూపు లేనివాడికే ఇది పనికొస్తుంది. నాకు కింద చూపు లేదని పది నిమిషాల క్రితం దాకా నాకే తెలీదు. నా పెళ్ళానికి తెలీదు. రెండూ నలభైకే తెలిసినవాడివి ఈ లోకంలో నువ్వొక్కడివే."

టెక్నీషియను తలుపు రెక్క పట్టుకున్నాడు. ఇన్స్పెక్టరు చెయ్యి అతని మణికట్టు మీద పడింది. అతను విడిపించుకోవాలని చూడలేదు. తలుపుకి ఆనుకుని అలాగే జారి కూర్చున్నాడు.

"రోజుకి నలభై మంది సార్. ముసలాళ్ళు గిన్నెలో తల పెట్టి నిద్రపోతారు. మళ్ళీ మళ్ళీ చెయ్యాలి. బయట జనం అరుస్తుంటారు. ఒకరోజు నేనే కూర్చుని నొక్కేశా. తొందరగా అయిపోయింది. ఎవరికీ ఏం కాలేదు." బకెట్టు వంక చూశాడు. "కాలేదనుకున్నా. నిన్న పెద్దాయన నన్ను మెట్ల దగ్గరికి పిలిచి, ఆ పదకొండు మందికీ ఇప్పుడే ఫోన్ చేస్తానన్నారు. వద్దని చెయ్యి పట్టుకున్నా. విదిలించుకున్నారు. నేను నెట్టా."

 మూడూ ముప్పై అయిదు. ఇన్స్పెక్టరు ఫోన్ తీసి స్టేషనుకి కలిపాడు. "టైలరు గారి చుక్కల సీసాలు నా టేబుల్ సొరుగులో ఉన్నాయి. ఇప్పుడే వెయ్యండి. మానేసిన పూటల గురించి ఏం చెయ్యాలో డాక్టరమ్మ చెబుతారు, ఫోన్ పెట్టెయ్యకండి." ఫోన్ చిన్న డాక్టరమ్మ చేతిలో పెట్టి, అతను గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. 

వరండాలోంచి టైలరు కూతురు పరిగెత్తుకుంటూ వచ్చి, విషయం విని, రెండు చేతులూ జోడించి, మళ్ళీ అంతే వేగంగా స్టేషను వైపు పరిగెత్తింది. ఆమె మెట్లు దిగుతున్న చప్పుడు కింద గుమ్మం దాకా వినబడింది.

ఫోన్ మాట్లాడి ముగించాక చిన్న డాక్టరమ్మ గడియారాన్ని పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టి, కంటి ఒత్తిడి కొలిచే పరికరం దగ్గరికి లాగింది. కుడి కన్ను ఇరవై తొమ్మిది. ఎడమ కన్ను ముప్పై మూడు. ఇరవై ఒకటి దాటకూడదని ఆమె చెప్పింది.

ఆయన చెయ్యి అలవాటుగా వాచీ మీదికి వెళ్ళింది. కానీ వాచీ చూడలేదు. పాతికేళ్ళుగా ఎందరినో అడిగిన ప్రశ్నని తన కోసం అడగడం ఇంత కష్టంగా ఉంటుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

"నాకెంత టైం ఉందమ్మా?"

"చుక్కలు ఇవాళే మొదలుపెడితే చాలానే ఉంది," అందామె సీసా మూత తీస్తూ. "తల వెనక్కి వాల్చండి. మిగతా పది మందికీ ఈ సంగతి ఇంకా తెలీదు. మీ కళ్ళు ఆరగానే వాళ్ళ తలుపులు కొట్టాలి మనం. నాలుగో ఫైలాయన స్కూలు బస్సు నడుపుతాడు. బడి వదిలే టైమైంది."